గురి వెనక పనితనం
1964లో అమెరికాలో రూగర్ కంపెనీ తెచ్చిన 10/22 రైఫిల్‌లో బ్యారెల్‌ను ఒక వీ-బ్లాక్, రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి. విప్పడం సులువే. గురి కుదిరేలా అమర్చడంలోనే ఉంది తుపాకుల పనివాడైన గన్‌స్మిత్ నేర్పు. తూటా కూర్చునే ఛాంబర్ బిగువుగా ఉంటే గురి మెరుగు. మరీ బిగువైతే తనంతట తానే తూటాను ఎక్కించుకునే ఈ రైఫిల్ మధ్యలో మొరాయిస్తుంది. ఆ రెంటి నడుమ వెంట్రుకవాసి చోటును పట్టుకోవడమే విద్య. బ్యారెల్ కొస అంచుకు చిన్న గాటు పడినా, వెనక నుంచి తోసుకొచ్చే వాయువు ఒకవైపే ఎక్కువ చిమ్మి గుండు దారి తప్పుతుంది. అందుకే ఆ అంచును లేత్ మీద ఓపిగ్గా చెక్కి సాపు చేస్తాడు. కాగితం మీద చిల్లులన్నీ ఒక్కచోట పడితే మెప్పంతా కాల్చినవారికే. అందులో ఈ పనివాడికీ వాటా ఉంది.