లోపాలతో సహా అమ్మబడును

పాత కారు అమ్మేవాడు నోరు మెదపకుండా ఉండొచ్చు. టైర్లకు నలుపు పూసి, సీట్లు దులిపి ఇంటిముందు నిలబెడితే సగం బేరం అయిపోయినట్టే. పాత ట్యూబా అమ్మేవాడికి ఆ వెసులుబాటు లేదు. కొనడానికి వచ్చేది మరో వాయిద్యకారుడు. తన మౌత్‌పీసు తానే తెచ్చుకుంటాడు. శ్రుతి చూసే యాప్ ఫోన్‌లో ఉంటుంది. కుర్చీ లాక్కుని కూర్చుని నాలుగు స్వరాలు నిలిపి ఊదాడంటే, మనం దాచాలనుకున్నవన్నీ హాల్లోకి వచ్చి నిలబడతాయి.

ఈమధ్య నా ట్యూబా అమ్మాను. పోలీసు పెరేడ్‌లో బ్యాండు వెనక వరసను ఎప్పుడైనా గమనించారా? మనిషిని సగం మింగేసినట్టుండే పెద్ద ఇత్తడి వాయిద్యం ఉంటుంది చూడండి, అదే ట్యూబా, కాకపోతే దాని చుట్టం. 1835లో బెర్లిన్‌లో వీప్రెక్ట్ అనే బ్యాండు మాస్టరు, మోరిట్జ్ అనే వాయిద్యాల తయారీదారు కలిసి దీనికి పేటెంటు తీసుకున్నారు. నాది బి-ఫ్లాట్ ట్యూబా. చుట్టలు విప్పి నేలమీద పరిస్తే గొట్టం సుమారు 18 అడుగులు. దాన్నంతా ఊపిరితో నింపాలి.

షికాగో శివార్లలో తెలుగువాడి ఇంట్లోకి ఇది ఎలా వచ్చిందంటే, స్కూలు బ్యాండు దారిలో. మా అమ్మాయికి స్కూల్లో ట్యూబా ఇచ్చారు. హైస్కూలు అయ్యాక అది వదిలేసింది, నాకు అంటుకుంది. జర్మనీలో చేసిన నాలుగు వాల్వుల ట్యూబా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుని, మా ఊరి కమ్యూనిటీ బ్యాండులో వెనక వరసలో కుదురుకున్నాను. ఇప్పుడు పెద్ద ఇల్లు వదిలి అపార్ట్‌మెంట్‌కి మారాం. కింద ఇంట్లో పసిబిడ్డ ఉంది. ట్యూబా గోడల్ని లెక్కచేయదు. అమ్మక తప్పలేదు.

అమ్ముతున్నానని ఫోన్‌లో చెబితే విజయనగరం నుంచి మా అమ్మ ఒక్కటే మాటంది. “సరస్వతినెవరైనా అమ్ముకుంటార్రా?”

ఆ మాటకు జవాబు వెతుక్కుంటూనే అమ్మకానికి సిద్ధమయ్యాను.

ముందు వాల్వులు చూసుకోవాలి. వాల్వు నొక్కకుండా దాని స్లైడు, అంటే లాగితే జరిగే గొట్టం, బయటికి లాగి, కాసేపాగి అప్పుడు నొక్కాలి. టప్‌మని చప్పుడొస్తే గాలి కారడం లేదన్నమాట. చప్పుడు రాకపోతే అరిగిందన్నమాట. తర్వాత లెడ్‌పైపు, అంటే మన ఊపిరి మొట్టమొదట దూరే సన్న గొట్టం. ఏళ్ల తరబడి నోటి తేమ తగిలి ఇత్తడిలోని జింకు పోతుంటే అక్కడ గులాబీ రంగు మచ్చలు పడతాయి. కొనేవాడు మొదట వేలు పెట్టి చూసేది అక్కడే. అడుగున పెద్ద వంపుకు పడ్డ సొట్టలు చూడ్డానికి ఘోరంగా ఉంటాయి గానీ స్వరాన్ని పెద్దగా చెడగొట్టవు. నోటికి దగ్గర్లో సన్న గొట్టానికి పడ్డ చిన్న సొట్ట చాలు, కొంప ముంచడానికి. తెలియనివాడు సొట్టలు చూసి ధర తగ్గించమంటాడు, తెలిసినవాడు సొట్ట ఎక్కడుందో చూస్తాడు.

ఇవన్నీ చూశాక ఒక కాగితం రాశాను. పైన “ఈ ట్యూబాతో ఇబ్బందులు” అని శీర్షిక. రెండో వాల్వు లింకేజి కాస్త కటకటలాడుతుంది. అడుగు వంపు దగ్గర పాత అతుకుంది, నేను కొనేనాటికే ఉంది. నడిమి ‘డి’ వాల్వులేమీ నొక్కకుండా ఊదితే కిందికి జారుతుంది, ఒకటీ రెండూ కలిపి నొక్కితే నిలబడుతుంది. మొదటి వాల్వు స్లైడును ఎడం చేత్తో లాగుతూ నెడుతూ ఉండాలి, లేకపోతే కొన్ని స్వరాలు పెడసరంగా పలుకుతాయి.

ఇందులో కొన్ని నా ట్యూబాకే ప్రత్యేకం, కొన్ని ట్యూబా జాతికే ఉన్నవి. ఆ ‘డి’ సహజ స్వరశ్రేణిలో అయిదోది. ప్రకృతి ఇచ్చే ఆ స్వరం పియానో లెక్కకన్నా కొంచెం తక్కువలోనే ఉంటుంది. ఇక వాల్వు నొక్కితే అదనపు గొట్టం చేరి స్వరం కిందికి దిగుతుంది. కానీ వాల్వులు కలిపి నొక్కినప్పుడు చేరాల్సినంత గొట్టం చేరదు. అందుకే ఒకటీ మూడూ కలిపితే స్వరం పైకి పోతుంది. ఆ లోటు పూడ్చడానికే నాలుగో వాల్వు. అంటే ఏ ట్యూబా అయినా కొన్ని రాజీలతోనే పుడుతుంది. ఎక్కడ ఎంత రాజీపడాలో వాయించేవాడికి చెవీ వేళ్లూ కలిసి నేర్పుతాయి. దానికి ఏళ్లు పడుతుంది. కాగితం మీద నేను రాసింది ఆ ఏళ్లనే.

కొనడానికొచ్చిన అమ్మాయి సంగీతం టీచరు కావడానికి చదువుతోంది. కాగితం చదివి, మొదట ఆ ‘డి’నే ఊదింది. ఖాళీగా ఒకసారి, ఒకటీ రెండూ నొక్కి ఒకసారి. తలూపింది. తర్వాత అతుకు చూసి ధర కొంత తగ్గించమని అడిగింది. అతుకు సంగతి నేనే చెప్పాను కదా అన్నాను. “చెప్పారు కాబట్టే ఇంకా కుర్చీలోనే ఉన్నాను” అంది. తగ్గించాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన మౌత్‌పీసు సంచీలో దాచుకుంది.

నాకు అప్పుడు తట్టింది, ఈ వ్యాపారంలో లోపాల జాబితా ధర తగ్గించే కాగితం కాదు, సరుకులో అదే విలువైన సగం. ఇత్తడి కావాలంటే కొత్తది దుకాణంలో దొరుకుతుంది. దీని గొంతు ఎక్కడ జీరపోతుందో చెప్పగలిగింది ఇన్నాళ్లూ ఊదినవాడే. ఆ మాటల్ని అందుకోగలిగింది కూడా ఇంకో ఊదేవాడే.

ట్యూబా లోకంలో అందరికీ తెలిసిన అమ్మకం ఒకటుంది. 1930లలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ఫిలిప్ డొనటెల్లి ట్యూబా వాయించేవారు. కండక్టరు స్టోకోవ్‌స్కీకి ఆర్గన్ లాంటి నిండు మంద్రం కావాల్సివచ్చి, మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లోని యార్క్ కంపెనీ చేత పెద్ద ట్యూబా చేయించారు. తీరా వచ్చాక అది డొనటెల్లి శరీరానికి ఇమడలేదు. ఒళ్లో పెట్టుకుంటే మౌత్‌పీసు సరైన చోటికి రాదు. కర్టిస్ సంగీత విద్యాలయంలో ఆయన శిష్యుడు ఆర్నాల్డ్ జేకబ్స్. ఆ కుర్రాడికి 175 డాలర్లకు అమ్మేశారు.

ఆ జేకబ్స్ 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా వాయించారు. ఊపిరి వాడే తీరు గురించి ఆయన చెప్పిన పాఠాల కోసం ట్రంపెట్, హార్న్ వాళ్లు కూడా వరస కట్టేవారు. గురువుకు ఇమడని ఆ యార్క్, అలాంటిదే ఇంకొకటి తర్వాత ఆర్కెస్ట్రా సొంతమయ్యాయి. ఆ యార్క్ ట్యూబాలను నమూనాగా పెట్టుకుని యమహా కంపెనీ ఖరీదైన ట్యూబాను తయారుచేసింది. గ్రాండ్ రాపిడ్స్‌లో ఆ యార్క్ కర్మాగారం ఇప్పుడు లేదు.

డొనటెల్లి నష్టపోయాడనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ప్రత్యేకంగా చేయించుకున్న వాయిద్యం కదా అని పట్టుదలకు పోయి ఇంట్లో ఉంచుకునుంటే, అది మంచి ఇత్తడి సామానుగా మిగిలిపోయేది. “నాకు ఇమడలేదు, నీకు ఇముడుతుంది” అని ఒక గురువు అనగలగడం నా లెక్కలో పెద్ద పాఠమే.

అమ్మకు జవాబు ఇక్కడ దొరికింది. విజయనగరంలో మా ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది. ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి. అమ్మ పెళ్లికి ముందు నేర్చుకుంది. ఇప్పుడది బీరువా మీద పాత దుప్పటి కప్పుకుని ఉంటుంది. తీగలు తుప్పుపట్టాయి, మెట్లు నిలబెట్టిన మైనం ఎండి బీటలు వారింది. దసరాకు కిందికి దించి పసుపూ కుంకుమా పెడతారు, మళ్లీ పైకెక్కిస్తారు. తెలుగుదేశంలో ఇలాంటి బీరువాలు ఎన్ని లేవు! అమ్మితే పాపమని ఉంచుకుంటాం, వాయించకపోవడం మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

ఊరికే ఇచ్చేయొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు. కానీ డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు బేరమాడతారు, బేరమాడేవాళ్లు పరీక్షిస్తారు, పరీక్షించాలంటే వాయించాలి. ఉచితంగా వచ్చిన వీణ ఇంకో బీరువా ఎక్కే ప్రమాదముంది.

అమ్మకు ఇదంతా చెప్పాను. ఒప్పుకోలేదు. “కొనేవాళ్లకు కనీసం సరళీస్వరాలైనా రావాలిరా” అంది కాసేపాగి. నేను ఆ మాటను బేరం మొదలైనట్టుగానే తీసుకున్నాను. వచ్చే దసరాకి ఇంటికెళ్లినప్పుడు మైనం సంగతి, తీగల సంగతి అమ్మ చేతే ఒక కాగితం మీద రాయించాలని ఉంది. మీ ఇంటి బీరువా మీద కూడా ఏదైనా ఉంటే, ముందు ఆ కాగితంతో మొదలుపెట్టండి. ధర సంగతి తర్వాత, వాయించేవాళ్లు వచ్చి అడుగుతారు.