అవ్వ కోడి – అవ్వ కుంపటి

"నా కోడి, నా కుంపటి లేకపోతే తెల్లవారదా?" అను సామెతను ఎరుగని తెలుగువారుండరు. దీనికి మూలమైన కథయు చిన్నదే. ఒక పల్లెలో ఒక అవ్వకు ఒక కోడిపుంజును, ఒక కుంపటియు ఉండెను. పుంజు కూయగానే ఊరివారు నిద్రలేచెడివారు. అవ్వ యింటికి వచ్చి, కుంపటిలోని నిప్పు తీసికొనిపోయి, తమ పొయ్యిలు రాజవేసికొనెడివారు. తన కోడి కూయుటచేతనే లోకమునకు తెల్లవారుచున్నదని అవ్వ తలంచెను. ఒకనాడు ఆమె ఊరివారిపై అలిగి, కోడిని చంకబెట్టుకొని, కుంపటి నెత్తుకొని అడవికి పోయెను. తాను లేనిదే ఊరికి ఎట్లు తెల్లవారునో చూతమనుకొనెను. ఎప్పటివలెనే తెల్లవారినది. అవ్వ నవ్వులపాలయ్యెను.

తరతరములుగా ఈ కథను అహంకారమునకు దృష్టాంతముగా చెప్పుకొనుచున్నాము. నేను ఈ వ్యాసమున ఆ అవ్వ పక్షము వహించి నాలుగు మాటలు చెప్పదలచితిని. నేను పండితుడను గాను. పాఠశాల చదువుతో ఆపి, గుమాస్తాగిరిలో జీవితమును వెళ్ళబుచ్చి విశ్రాంతి పొందినవాడను. అయినను మనలిలో కోళ్ళున్న యింట పుట్టి పెరిగితిని. కావున ఈ సామెతను విమర్శించుటకు నాకును కొంత అర్హత కలదనుకొందును.

మొదట మన సాహిత్యమున కోడికి లభించిన స్థానమేమో చూతము. కోడి కావ్యమెక్కకపోలేదు. ఎక్కినది మాత్రము పుంజు. అదియు పందెపు పుంజు. పల్నాటి వీరచరిత్ర కథకు కోడిపోరే పెద్ద మలుపు. నాయకురాలు నాగమ్మ పక్షముతో జరిగిన ఆ పందెములో ఓడిపోయి బ్రహ్మనాయుని పక్షమువారు ఏడేండ్లు వలసపోవలసి వచ్చెను. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ఆ ద్విపదకృతిని అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. ఓరుగంటి వీధులను కన్నులకు గట్టించు క్రీడాభిరామమునందును కోడిపందెము కలదు. దండి రచించిన దశకుమారచరిత్రమున ప్రమతి కథలో కోళ్ళపోరు వచ్చును. ఆ గ్రంథమును 13వ శతాబ్దిలో కేతన తెనిగించెను. ఇవి చాలవన్నట్లు పందెపుకోళ్ళకై కుక్కుటశాస్త్రమను పేర ఒక శాస్త్రమే వెలసినది. ఈకల రంగునుబట్టి డేగ, కాకి, నెమలి, పింగళ, కౌజు అని పుంజులకు పేర్లు. ఏ దినమున ఏ రంగుది గెలుచును, ఏ దిక్కునుండి దానిని బరిలోనికి విడువవలెను అని నియమములు. 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము జంతువులను, పక్షులను పోరునకు పురికొల్పుటను నేరముగా ప్రకటించినను, సంక్రాంతికి గోదావరి తీరమున నేటికిని ఆ శాస్త్రమును తిరుగవేయువారు కలరు.

ఇక గుడ్డు పెట్టి, ఇరువదియొక్క దినములు కదలక పొదిగి, పిల్లలను రెక్కలక్రింద దాచి, గ్రద్దకు ఎదురు నిలుచు పెట్టకు శాస్త్రమేది? కావ్యమేది? దానిని పెంచు ఇల్లాలికి స్థానమేది? నేను చదివిన కావ్యములలో పెట్ట కానరాలేదు. ఇది కవులకు చూపు లేకపోవుటచేత జరిగినది కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణించుచు, పొలముల కాలువలలో తలలు రెక్కలలో దూర్చుకొని నిదురించు బాతులను చూపినాడు. వానిని చూచిన కావలివారు, వేకువనే స్నానమాడిపోయిన బ్రాహ్మణులు మరచిన తడిబట్టల ముద్దలని భ్రమపడి తీయబోవుదురు. బాతులు లేచి పరుగెత్తును. పొలము కాచు స్త్రీలు నవ్వుదురు. ఏనుగులను, గుఱ్ఱములను ఏలిన రాజు బాతు నిద్రించు తీరును ఇంత దగ్గరగా చూచెను. అట్టి చూపు మన పెరటి పెట్టపై పడకపోవుట మన దురదృష్టము. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యములనుండియే సామాన్యుల తిండిని, బట్టను, ఆటను వెదకి తీసి చూపిరి. కావ్యములో లేనిదానిని వెదకవలెనన్న ఆ మార్గముననే మరికొంత దూరము నడచి, సామెతలవద్దకు పోవలెను.

కావ్యము విడిచిన పెట్టను సామెత చేరదీసినది. చేరదీసినదే గాని గౌరవింపలేదు. "కోడికి గజ్జెలు కట్టితే కుప్ప కుళ్ళగించకుండునా?" అందురు. ఎంత అలంకరించినను నీచబుద్ధి పోదని తాత్పర్యము. ఈ మాట చెప్పినవాడు కోడిని పెంచినవాడు కాడని నా నిశ్చయము. కుప్పను కుళ్ళగించుట కోడికి నీచబుద్ధి కాదు. అదియే దాని వృత్తి. పెంటకుప్పలోని పురుగును, చెదను, చెరుగుటలో రాలిన నూకను ఏరుకొని తిని, మనకు పనికిరానిదానిని గుడ్డుగా మార్చి యిచ్చుచున్నది. కుప్ప జోలికి పోని కోడికి గింజలు కొని పోయవలెను. అప్పుడు పెరటి కోళ్ళ లాభమంతయు ఆ గింజలకే సరిపోవును. అట్లే "పెరటిచెట్టు మందుకు పనికిరాదు" అను మాటయు. మునగాకును, కరివేపాకును దినదినమును పెరటిలో కోయుచు ఈ సామెతను వల్లించుట మనకే చెల్లినది. ఎదుట నున్నదానిని చులకన చేయు లోకస్వభావమును ఎత్తిచూపుటకే అది పుట్టినదని పెద్దలు సమర్థింతురు. కావచ్చును. కాని వాడుకలో చులకనయే నిలిచినది. మన పొరుగు తమిళ సోదరులు "కోడి త్రొక్కితే పిల్ల చచ్చునా?" అను అర్థముగల సామెతను చెప్పుదురు. తల్లి కోపమునందును కరుణ యున్నదని దాని భావము. పెట్టను దగ్గరనుండి చూచిన కన్ను ఆ మాటలో కనబడును.

ఇప్పుడు అవ్వ కథకు వత్తము. అవ్వపై మోపిన నేరములు రెండు: కోడి గర్వము, కుంపటి గర్వము.

కోడి సంగతి చూతము. వెలుగు కనబడినందున కోడి కూయుననుకొనుట పొరపాటు. జపానులోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పుంజులను ఎడతెగని మసక వెలుతురులో నుంచి పరీక్షించి, పగలు రాత్రి తేడా తెలియని ఆ స్థితిలో కూడ అవి వేకువ వేళకు కూయుచున్నవని 2013లో ప్రకటించిరి. కాలమును తెలుపు గడియారము దాని దేహములోనే యున్నదని తేలినది. కావున పుంజు సూర్యుని రప్పింపదు గాని, సూర్యుడు రాకముందే ఆ రాకను ఎరుగును. గడియారములేని పల్లెలో ఇది చిన్న విద్య కాదు. తొలికోడి కూసిన వేళకు నాగలి కట్టినవారు, కవ్వము పట్టినవారు మన పూర్వులు.

ఇక కుంపటి. అగ్గిపెట్టె లేని కాలమున నిప్పు ఆరకుండ కాపాడుట ఒక వ్రతము. రాత్రి నిప్పుకణికలపై నివురు గప్పి, పిడక కూర్చి, తెల్లవారుదాక నిలిపినవారి యింటికే ఊరు నడచెడిది. మన ప్రక్కనే తిరువొత్తియూరులో అగ్గిపెట్టెల కర్మాగారముండెను. దాని పేరు నేడు వింకో నగర్ రైలు నిలయమునకు మిగిలినది. పుల్ల గీచిన నిప్పు పుట్టు దినములు వచ్చినపిమ్మట కుంపటి నవ్వులాట యయ్యెను. అంతకుముందు అది నవ్వులాట కాదు.

కావున అవ్వ సూర్యుని విషయమున పొరపడినది. ఊరి విషయమున పొరపడలేదు. కథ చెప్పినవాడు తెల్లవారినదని చెప్పి ముగించెను. ఆ ఉదయమున ఊరిలో ఎందరు ఆలస్యముగా లేచిరి, ఎన్ని పొయ్యిలు రాజలేదు అని అతడు చెప్పలేదు. ఈ కథలోని పెద్ద లోపము ఇదియే.

ఫ్రెంచి నాటకకర్త ఎడ్మండ్ రోస్టాండ్ రచించిన షాంటెక్లేర్ అను నాటకమును 1910లో పారిసులో ప్రదర్శించిరి. అందు నాయకుడు ఒక పుంజే. తన కూతచేతనే సూర్యుడు ఉదయించునని దానికిని నమ్మకము. ఒకనాడు అది కూయకుండగనే తెల్లవారును. దాని నమ్మకము పగిలిపోవును. ఇంతవరకు మన అవ్వ కథయే. కాని ఆ కవి అక్కడ నిలువలేదు. సూర్యుని లేపుట తన పని కాదని తెలిసినపిమ్మట కూడ ఆ పుంజు తన దొడ్డికి మరలివచ్చి, కూయుట తన ధర్మమని నిశ్చయించుకొనును. మన కథ అవ్వను అడవిలో విడిచిపెట్టినది. ఆమెను ఎవరును మరల ఊరికి పిలువలేదు.

నేను ఈ సామెతపై ఇంత పట్టుదల వహించుటకు కారణము చెప్పవలెను. 1970వ దశకమున, మనలిలో చమురుశుద్ధి కర్మాగారము పని మొదలుపెట్టిన కొన్ని యేండ్లకు, నేను పాఠశాల చివరి తరగతి చదువుచుంటిని. మా పెరటిలో ఒక మునగచెట్టు, ఒక సొరపందిరి, ఆరేడు పెట్టలు, ఒక ఎఱ్ఱ పుంజు ఉండెను. మా అమ్మ చదువెరుగదు. పొదిగించుటకు గుడ్లను ఎంచునప్పుడు ఒక్కొక్కదానిని దీపమునకు అడ్డముగా పట్టి చూచెడిది. నీటిలో తేలినదానిని తీసివేసెడిది. గంపలో తవుడు పోసి, బొగ్గుముక్కయు ఇనుపముక్కయు ఉంచి, దానిపై గుడ్లు పేర్చెడిది. ప్రతి పెట్టకును ఆమె పెట్టిన పేరొకటి యుండెను. ఆ పుంజు కూతకు నేను లేచి చదువుకొనెడివాడను.

ఒకనాడు ఆమె నవ్వుచు, "నా పుంజు కూస్తేనే గదా నాయనా, నువ్వు లేచి చదివేది!" అనెను. నాకు చదువు తలకెక్కియుండెను. వెంటనే, "నీ కోడీ నీ కుంపటీ లేకపోతే తెల్లవారదా అమ్మా?" అంటిని. ఆమె మారుపలుకలేదు.

కొన్ని దినములకు పరీక్ష రుసుము కట్టవలసి వచ్చెను. ఇంట సొమ్ము లేదు. అమ్మ ఎక్కడనుండియో తెచ్చి యిచ్చెను; నేను కట్టితిని. మరునాడు కన్ను తెరచునప్పటికి ఎండ వాకిట పడుచుండెను. కూత వినబడలేదేమని దొడ్డిలోనికి పోయి చూచితిని. పుంజు లేదు. ముందటి సాయంకాలము ఒక బేరగాడు పట్టుకొనిపోయెనట. సామెత చెప్పినట్లే ఆనాడు తెల్లవారినది. నేను మాత్రము లేవలేదు.

ఆ పరీక్ష నెగ్గితిని. దానివలననే ఉద్యోగము దొరికినది. అమ్మతో ఆనాటి మాటకు క్షమాపణ చెప్పుకొనలేదు. చెప్పవలెనని తోచునప్పటికి ఆమె లేదు.

కవులు చేయని గౌరవమును నేడు శాస్త్రజ్ఞులు చేయుచున్నారు. హైదరాబాదు రాజేంద్రనగరమందలి కేంద్ర కోళ్ళ పరిశోధనాలయము వనరాజ, గ్రామప్రియ అను కోళ్ళను పెరటి పెంపకమునకై రూపొందించినది. మనకు కూతవేటు దూరమున మాధవరము పాల కాలనీలో 1989లో ఏర్పడిన పశువైద్య విశ్వవిద్యాలయమున్నది. మనలి 2011లో చెన్నై నగరపాలక సంస్థలో కలిసినది. పెరళ్ళు తరిగి మేడలు లేచినవి. నా భార్య ఇంకను నాలుగు పెట్టలను సాకుచున్నది. 2023 డిసెంబరు తుపానులో వీధి నీట మునిగినప్పుడు మేము వానిని గంపతో మేడమీదికి మోసికొనిపోతిమి. మా మనుమడు ఆనాడు మొదటిసారి "గంప" అను మాట విని, అదేమని అడిగెను.

మాకు తెలుగు బడిలో వచ్చినది కొంచెము. పెరటిలో వచ్చినది ఎక్కువ. గంప, గూడు, నూక, తవుడు, పొదుగు, పిడక, నివురు – ఈ మాటలు పెట్టలతోపాటు వెడలిపోవుచున్నవి. మదరాసు తెలుగువారి సభలలో కావ్యగానము జరుగవలసినదే. దానితోపాటు మన యిండ్లలోని పెద్ద ముత్తైదువులను, అవ్వలను కూర్చుండబెట్టి, కోడిని, కుంపటిని, పందిరిని గూర్చి వారెరిగిన మాటలను వ్రాసి యుంచుట మన సంఘము పూనుకొనదగిన పని. అవ్వను అడవినుండి పిలుచుకొనివచ్చుట అంతకన్న వేరు కాదు. నేను మా యింటినుండి ఆ పని మొదలుపెట్టితిని. నా భార్య చెప్పుచున్నది, నేను వ్రాయుచున్నాను. గుమాస్తాగిరి ఇప్పటికి ఇట్లు పనికివచ్చినది.