కొల్లేరు పాఠంలో ‘మానవుడు’ ఎవరు? – పర్యావరణ పాఠ్యాంశంపై ఒక విమర్శ

కీలక పదాలు: కొల్లేరు, పర్యావరణ విద్య, సహజ వనరులు, పాఠ్యపుస్తక విమర్శ, ‘కొల్లేటి జాడలు’

భీమవరం నుంచి ఉండి, ఆకివీడుల మీదుగా కైకలూరు వెళ్లే దారికి ఇరువైపులా వరిచేలూ చేపల చెరువులూ పక్కపక్కనే ఉంటాయి. ఈ దారివెంట బడికి వెళ్లే విద్యార్థికి సహజ వనరులు పుస్తకంలో మొదటిసారి ఎదురయ్యే విషయం కాదు. కాలువకు నీరు వదిలినప్పుడు నింపుకుని, వేసవిలో కాలువ కట్టేశాక ఊరంతా వాడుకునే మంచినీటి చెరువు అతనికి తెలుసు. ఏ బోదె నీరు పొలానికి వెళుతుందో, చేపల చెరువు నీటిని ఏ మురుగుకాలువలోకి తోడేస్తారో తెలుసు. తండ్రి చెరువు గట్టున కాపలా మనిషి కావచ్చు. ఉన్న ఎకరాన్ని చెరువుకు కౌలుకిచ్చిన రైతూ కావచ్చు. ఇంత తెలిసిన పిల్లవాడికి పర్యావరణ పాఠం ఏం చెబుతోంది, ఏం చెప్పకుండా వదిలేస్తోంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

పర్యావరణాన్ని బడిలో బోధించడం మన దేశంలో ఐచ్ఛికం కాదు. ఎం.సి. మెహతా కేసులో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం దాన్ని తప్పనిసరి చేసింది. బడి బయటి జీవితంతో జ్ఞానాన్ని అనుసంధానించాలని జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం – 2005 స్పష్టంగా కోరింది. ఈ రెండింటి మధ్య ఉన్న వ్యత్యాసం గమనార్హం. మొదటిది పాఠం ఉండాలంది, రెండోది ఆ పాఠం ఎక్కడిదై ఉండాలో చెప్పింది. ఆచరణలో మొదటిదే నెరవేరినట్లు కనిపిస్తుంది.

రాష్ట్ర పాఠ్యపుస్తకం: పట్టికలోని కొల్లేరు

ఈ విమర్శకు మినహాయింపుగా నిలవదగింది ఉమ్మడి రాష్ట్ర కాలంలో రూపొందిన పదో తరగతి జీవశాస్త్ర పాఠ్యపుస్తకం. అందులోని సహజ వనరుల పాఠం వడ్డిచెర్ల, వనపర్తి గ్రామాల నీటి కథతో సాగుతుంది. బోర్లు ఎండిపోవడం, భూగర్భజలం అడుగంటడం వంటి మెట్టప్రాంతపు ఇబ్బందులను గ్రామాల పేర్లతో చెప్పడం మెచ్చదగినదే. అయితే డెల్టా సమస్య వేరు. ఇక్కడ నీటి కొరత కన్నా నీటి నాణ్యత, మురుగు పారుదల, ముంపు పెద్ద ప్రశ్నలు. ‘నీటిని పొదుపుగా వాడండి’ అన్న గోడరాత ముందు నుంచే కాలువ నిండుగా పారుతుంటే ఆ మాట పిల్లల చెవికెక్కదు.

డెల్టాకు దగ్గరగా వచ్చేది అదే పుస్తకంలోని ‘మన పర్యావరణం’ పాఠం. అక్కడ కొల్లేరు కథ ఉంది. 1967, 2004 సంవత్సరాల మధ్య సరస్సు నీటి విస్తీర్ణంలో, కలుపు మొక్కల వ్యాప్తిలో, చేపల చెరువుల్లో వచ్చిన మార్పును పట్టికగా ఇచ్చి, దాన్నుంచి విద్యార్థులే నిర్ధారణకు రావాలని ఆ పాఠం అడుగుతుంది. నీతివాక్యం చెప్పకుండా అంకెలను ముందుంచడం శాస్త్ర బోధనకు తగిన పద్ధతి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇంత సాహసం తరచుగా కనిపించదు.

లోపం పట్టికలో లేదు, దాని చుట్టూ ఉన్న వాక్యంలో ఉంది. పాఠం ఈ మార్పును మానవ కార్యకలాపాల ప్రభావంగా చూస్తుంది. ‘మానవుడు’ అనే ఏకవచనంలో ఎవరెవరు ఇమిడిపోయారు? ఊతలు, వలలతో కొర్రమీను, మట్టగిడస పట్టి బతికిన వడ్డి కులస్థులు ఉన్నారు. 1970ల రెండో భాగంలో మత్స్యకార సహకార సంఘాలను ఏర్పరచి చెరువులు తవ్వించి ఇచ్చిన ప్రభుత్వం ఉంది. ఆ చెరువులను లీజుకు తీసుకుని, పక్కన మరెన్నో తవ్వించిన పెట్టుబడిదారులు ఉన్నారు. ఆ గట్లమీద కూలికి వెళ్లినవారూ ఉన్నారు. వీరందరినీ ఒకే కర్తగా చేసే వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే కానీ, చరిత్రరీత్యా ఎవరినీ బాధ్యులను చేయదు. పైగా దాని భారం తరగతి గదిలో అందరికంటే బలహీనుడి మీద పడుతుంది. తన ఇంటి అన్నం వచ్చేది చెరువు నుంచే అని తెలిసిన పిల్లవాడు ఆ ‘మానవుడు’ తన తండ్రేనని అనుకుంటాడు. లీజుదారు అతని ఊహకు రాడు.

1999లో ప్రభుత్వం కొల్లేరును +5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఒకే సరస్సుకు ఇంత దూరమైన రెండు కొలతలు ఎలా వచ్చాయి? కాంటూరు ఎంత పైకి జరిగితే సరస్సు అంత విశాలమవుతుంది. ఎంత కిందికి దించితే అంత భూమి చెరువులకు మిగులుతుంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువు గట్లను పేల్చివేశారు. 2008లో కాంటూరును +3కు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. భూగోళ పాఠంలో కాంటూరు రేఖలు కొండను గీయడానికే పనికివస్తాయి. రెండడుగుల తేడా ఎన్ని కుటుంబాలను సరస్సు లోపల, ఎన్నింటిని బయట ఉంచుతుందో లెక్కవేయడం ఉండి ప్రాంతపు పిల్లలకు పట్టకపోదు.

నవల ఇచ్చేది, ఇవ్వలేనిది

పాఠ్యపుస్తకం వదిలేసిన మనుషులను సాహిత్యం పట్టుకుంది. బాలల జీవితంపై ‘భద్రం కొడుకో’ చిత్రాన్ని తీసిన అక్కినేని కుటుంబరావు తన బాల్యపు అనుభవాల ఆధారంగా ‘కొల్లేటి జాడలు’ నవల రాశారు. వసంత్ కన్నబిరాన్ ఆంగ్లానువాదం ‘సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్’ 2020లో వెలువడింది. సరస్సు ఒడ్డున పెరిగే పిల్లవాడి కళ్లతో నీటినీ, పక్షులనూ, ఊరి ఉమ్మడి శ్రమనూ చూపడం ఈ నవల బలం. ఇందులో కొల్లేరు పది మంది కలిసి సంబాళించుకునే బతుకుతెరువు. సంరక్షణ అనే పదం అవసరం లేకుండానే సంరక్షణ జరిగిన కాలాన్ని విద్యార్థి చూడగలుగుతాడు. ‘కొల్లేటి చాంతాడు’ అన్న జాతీయాన్ని అర్థం చెప్పి వదిలేసే తెలుగు తరగతికి ఈ నవలలోని ఒక అధ్యాయం ఎంతో మేలు చేస్తుంది.

అయినా దీన్ని బోధనా గ్రంథంగా నెత్తిన పెట్టుకోవడం తొందరపాటే. పోయినదాని స్మృతి నవలకు ప్రాణం, పాఠానికి మాత్రం పరిమితి. ఆ నీటిని ఎన్నడూ చూడని పిల్లవాడు ఏరేటర్ల చప్పుడు మధ్య, బొచ్చె, శీలావతి ఎక్కించుకున్న లారీల మధ్య పెరుగుతున్నాడు. ఒకప్పుడు బాగుండేది అన్న వాక్యం అతనికి బాధ్యతకు బదులు నిస్సహాయతను ఇవ్వవచ్చు. పట్టికకు మనుషులు లేరు, నవలకు వర్తమానం తక్కువ. ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వాటి నడుమ లీజు కాగితాన్నీ కాంటూరు పటాన్నీ చేర్చగల అధ్యాపకుడి చేతిలోనే ఈ రెండూ పనికివస్తాయి. జీవశాస్త్రం, తెలుగు, సాంఘికశాస్త్రం వేర్వేరు గంటల్లో నడిచే బడిలో ఇది తేలిక కాదు. ఉపాధ్యాయ శిక్షణలో దీనికి చోటు కల్పించే ఆలోచన ఇంకా మొదలు కావలసే ఉంది.

2024–25 విద్యాసంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వచ్చాయి. సహజ వనరుల నిర్వహణపై ఆ సంస్థ విజ్ఞానశాస్త్ర పుస్తకంలో ఒకప్పుడు ఉన్న అధ్యాయాన్ని 2022లో భారం తగ్గింపు పేరుతో తొలగించారు. చిప్కో ఉద్యమం, సర్దార్ సరోవర్ ఆనకట్ట, రాజస్థాన్ ఖాదిన్‌లు దానితోపాటే పోయాయి. మిగిలిన ‘మన పర్యావరణం’ పాఠంలో ఆహారపు గొలుసు, ఓజోన్ పొర, వ్యర్థాల నిర్వహణ ఉన్నాయి. కొల్లేరు లేదు. అదే విద్యాసంవత్సరం సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరంతా దిగువకు కొల్లేటిలోకి చేరి, లంక గ్రామాలను చుట్టుముట్టి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోయింది.