ముందు పోర్టు చూడండి

పాత కంప్యూటర్‌కు బయటి హార్డ్‌డిస్క్ కావాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని జీబీ?’ అని. ఆ ప్రశ్న చివర్లో రావాలి. ఖమ్మం నుంచి పాల్వంచ, భద్రాచలం దాకా డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్లు పేజ్‌మేకర్‌లో కూర్చిన కాలం నాటి 486 యంత్రాన్నే తీసుకోండి. దానికి యూఎస్‌బీ ఉండదు. ఆ ప్రమాణం వచ్చిందే 1996లో. వెనకవైపు ఉండేవి సీరియల్ పోర్టు, ప్రింటర్ పోర్టు. ఇవాళ్టి టెరాబైట్ డ్రైవ్‌ను దానికి తగిలించే దారే లేదు. లోపల డిస్కును కలిపే ఐడీఈ కేబుల్‌కైనా పెద్ద డిస్కు పనికిరాదు. యంత్రాన్ని మేల్కొలిపే ఆనాటి చాలా బయోస్‌లు 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్ల లెక్క దాటి చూడలేవు. సెక్టారుకు 512 బైట్ల చొప్పున గుణిస్తే 528 మెగాబైట్లతో సరి.

నా వాదన ఒక్కటే: కొత్తగా పెట్టే డిస్కును పాత యంత్రమే కాదు, ఇవాళ్టి యంత్రం కూడా చదవాలి. కాలానికి తగ్గ వస్తువే కావాలంటే 1995లో అమ్మకానికి వచ్చిన ఐయోమెగా జిప్ డ్రైవ్ ఉంది. 100 మెగాబైట్లు, ప్రింటర్ పోర్టుకే తగులుతుంది. కానీ ఆ జిప్ డిస్కును రేపు చదివేదెవరు? పైగా ఆ పోర్టులో అప్పటికే భారతీయ భాషల సాఫ్ట్‌వేర్ తాలూకు హార్డ్‌వేర్ లాక్ (డాంగిల్) కూర్చుని ఉండొచ్చు. అంతకంటే కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు నయం. అది ఐడీఈ భాషే మాట్లాడుతుంది కాబట్టి మధ్యలో చిన్న అడాప్టర్ చాలు. దాన్ని వెనక స్లాటులో బిగిస్తే, కరెంటు ఆపి కార్డు బయటికి లాగి, రీడర్‌తో ఏ లాప్‌టాప్‌కైనా పెట్టుకోవచ్చు. 512 మెగాబైట్ల కార్డయితే బయోస్‌తో పేచీ ఉండదు. 1986 నాటి మాకింటోష్ ప్లస్‌లాంటి వాటికైతే డిస్కులు తగిలించే స్కజీ పోర్టు ఉంది. ఎస్‌డీ కార్డుతో నడిచే బ్లూస్కజీ బోర్డు అక్కడ అదే పని చేస్తుంది.

అసలు డిస్కు తీసేస్తే పాత యంత్రం విలువేముంటుందని సేకర్తలు అడుగుతారు. న్యాయమైన మాటే. డిస్కును పారేయమనడం లేదు. కాకపోతే ఏళ్ల తరబడి తిరగని డిస్కులో హెడ్ పలకకు అతుక్కుపోవచ్చు. ఈసారి తిరిగిందంటే అదే ఆఖరుసారి కావచ్చు. అందుకే ముందు కాపీ, తర్వాతే ముచ్చట. పాత యంత్రాన్ని కొత్తదానిలో అనుకరించే ఎమ్యులేటర్ ఉండగా ఇదంతా ఎందుకనేవాళ్లూ ఉన్నారు. ఎమ్యులేటర్‌లో తెరవడానికైనా ఫైళ్లు ముందు పాత పెట్టె దాటి రావాలి కదా! ఫ్లాష్ కార్డులు శాశ్వతం కావన్నది మాత్రం గట్టి అభ్యంతరం. కరెంటు తగలకుండా ఏళ్లు పడి ఉంటే వాటిలోని సమాచారం చెడవచ్చు. దీనికి విరుగుడు మరింత ఖరీదైన కార్డు కాదు, మరో ఊళ్లో మరో కాపీ. వరదనే తీసుకోండి: భద్రాచలంలో గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఏటి ఒడ్డున బీరువాలో పక్కపక్కనే పెట్టిన రెండు కాపీలను నేను రెండుగా లెక్కించను.

కార్డు మీదికి ఫైళ్లొక్కటే ఎక్కిస్తే పని సగమే అయినట్టు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, మన డీటీపీ చాలా ఏళ్లు అను ఫాంట్ల మీదే నడిచింది. అవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను అమర్చుకున్నవి. ఫాంట్ లేకపోతే తెర మీద పిచ్చిగీతలే. కాబట్టి ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇన్‌స్టాల్ ఫ్లాపీల నకళ్లు కూడా అదే కార్డులో ఉండాలి. పాత యంత్రం ఇంకా ప్రింటర్‌తో మాట్లాడుతుంటే ముఖ్యమైన ఫైళ్లకు ఒక్కో కాగితం ప్రింటు తీసి పెట్టుకోండి. తర్వాత యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఏ ఒత్తు ఎగిరిపోయిందో, ఏ గుడి దీర్ఘమైందో పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.