ఎర్ర అట్ట ఖాతాల్లో సత్యజిత్ రాయ్

కలకత్తా వ్యాపారులు జమాఖర్చులు రాసుకునే పుస్తకాలకు ఎర్రగుడ్డ అట్ట ఉంటుంది. ఖేరోర్ ఖాతా అంటారు. మన షావుకార్ల చిట్టా ఆవర్జాలకు దగ్గరి చుట్టం. సత్యజిత్ రాయ్ (1921-1992) ఏళ్ల తరబడి తన సినిమాలను రాసుకున్నది, గీసుకున్నది వీటిలోనే. ఖరీదైన డ్రాయింగు పుస్తకం కొనలేక కాదు. కుట్టు గట్టిది, కాగితాలు ఊడిపోవు, పక్కన పెట్టుకుంటే ఇంకో పదేళ్లకైనా దొరుకుతుంది. పనివాడు ఎంచుకునే పుస్తకం అది.

ఒక పేజీ తెరిస్తే సంభాషణ బెంగాలీలో, కెమెరాకు సూచనలు ఇంగ్లీషులో, పక్కనే చిన్న చిన్న చట్రాల్లో షాట్ల బొమ్మలు. మరోచోట దుస్తులు, గదిలో సామాను, పాత్రల మొహాలు, పాటల స్వరాలు. కొట్టివేసిన మాటలు అలాగే ఉన్నాయి. ఈ బొమ్మలు అలంకారానికి వేసినవి కావు. మొహం అక్కర్లేని షాట్‌లో మొహం గీయరు. మనిషి ఎటు తిరిగి ఉన్నాడు, చట్రంలో ఎంత ఖాళీ వదలాలి అన్నది తేలగానే కలం ఆగిపోతుంది. ఇంకొంచెం గీద్దామన్న మోజుకు లొంగకపోవడమే, నాకు తోచినంతలో, ఈ పేజీల్లోని అసలు పనితనం.

ఆ చెయ్యి ఊరికే రాలేదు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర చదువు. 1943లో కీమర్ అనే ప్రకటనల కంపెనీలో ఉద్యోగం. సిగ్నెట్ ప్రెస్‌కు పుస్తకాల అట్టలు. అక్కడే ‘పథేర్ పాంచాలీ’ నవలను పిల్లలకోసం కుదించిన పుస్తకానికి బొమ్మలు వేస్తుంటే సినిమా ఆలోచన మొలకెత్తింది. ఆ సినిమాకు పూర్తి స్క్రిప్టంటూ లేదు. కొన్ని నోట్సు, నల్లసిరాతో వేసిన బొమ్మల పుస్తకం ఒకటి. దాన్నే చేతపట్టుకుని నిర్మాతల చుట్టూ తిరిగారు. బొమ్మలు చూపించి కథ చెప్పే మనిషిని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు! ఆ పుస్తకాన్ని తర్వాత పారిస్‌లోని సినిమాథెక్ అనే చలనచిత్ర భాండాగారానికి ఇచ్చేశారు. 2016లో కుమారుడు సందీప్ రాయ్ సంపాదకత్వంలో అచ్చయింది.

నన్ను ఎక్కువగా ఆపేసింది మాత్రం తీయని సినిమా. పండిట్ రవిశంకర్ సితార్ కచేరీ మీద ఓ చిన్న చిత్రం తీద్దామనుకుని షాట్ల వరుసంతా బొమ్మల్లో వేసుకున్నారు. సినిమా రాలేదు, బొమ్మలు మిగిలాయి. చెవికి సంబంధించినదాన్ని కంటికి ఎలా అందించాలన్న చిక్కును కాగితం మీదే తేల్చుకోబోయారు. సినిమా వచ్చి ఉంటే ఈ కాగితాలు దానికి అనుబంధంగా ఉండేవి. రాలేదు కాబట్టి ఇవే కృతి.

అదే చిక్కు ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ (1969) దయ్యాల నాట్యంలో విప్పుకున్నారు. రాజులు, తెల్లదొరలు, బొద్దుమనుషులు, మామూలు జనం అని నాలుగు జాతుల దయ్యాలు. ఒక్కో జాతికి ఒక్కో తాళవాద్యం. వాటి కోసం మన దక్షిణాది తాళవాద్య కచేరీ వైపు చూశారు: మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్. మాట లేదు, రాగం లేదు. దయ్యాల ఆకారాలు గీసిన మనిషే వాటి వాయిద్యాలనూ పురమాయించాడు కనుక ఒళ్లు, లయ ఒకదాన్నొకటి ఒరుసుకోవు.

రాయ్‌ని దర్శకుడనాలా, రచయితా, చిత్రకారుడా, సంగీతకారుడా అని వ్యాసకర్తలు తంటాలు పడతారు. ఖాతాల్లో ఆ గదులు లేవు. అసలు అది ఇంటి వృత్తి. తాత ఉపేంద్రకిశోర్ పిల్లల కథలు రాసి, బొమ్మలు వేసి, అచ్చుకు బ్లాకులు కూడా చేసిన మనిషి. ఆయన 1913లో పెట్టిన ‘సందేశ్’ పత్రికను మనవడు 1961లో మళ్లీ లేపాడు. తండ్రి సుకుమార్ తన వింత పద్యాలకు బొమ్మలు తనే వేసుకున్నాడు. రాయ్ ఇంగ్లీషు అక్షరాల అచ్చురూపాలు సైతం దిద్దారు. వాటిలో ఒకదానికి రాయ్ రోమన్ అని పేరు.

మన బాపు కూడా సినిమాను ముందు కాగితం మీద గీసుకున్నవారే. ఆయన గీతతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ ఖాతాలు పరాయివిగా అనిపించవు. కాకపోతే అచ్చయిన వాటిలో మొదట ఆ రవిశంకర్ బొమ్మల పుస్తకం తెరవమంటాను. ‘పథేర్ పాంచాలీ’ బొమ్మలు చూస్తుంటే తెర మీది దుర్గ, అపు అడ్డొస్తూనే ఉంటారు. ఇక్కడ ఆ బెడద లేదు, సితార్ మోగించుకోవలసింది మనమే.