పొందూరు పేరు ఎవరి చేతిలో ఉంది?

వాలుగ చేప దవడను దగ్గరగా పెట్టుకుని చూడాలి. పళ్ళు సన్నగా, ఒత్తుగా ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్ళు గింజ తీయని కొండపత్తిని ఆ పళ్ళ మీద పెట్టి దువ్వుతారు. నలుసులు రాలిపోతాయి, పోగులన్నీ ఒకే వైపుకు తిరిగి బారుగా సర్దుకుంటాయి. తరవాత పత్తిని చెక్క పలక మీద పరిచి సన్నటి ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ పక్కకు జారుతుంది. చిన్న వింటితో ఏకుతారు. ఏకులు చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటిపట్టలో పెట్టుకుంటారు. 24 ఆకుల రాట్నం మీద ఒంటి కదురుతో వడుకుతారు. మిల్లు యంత్రం పింజను నలిపేస్తుంది, చేప దవడ నలపదు. పొట్టి పింజ కొండపత్తి నుంచి నూరు కౌంటు నూలు రావడానికి ఇదే కిటుకు.

నూరు కౌంటంటే ఏమిటో లెక్క వేస్తేగానీ ఆ చేతుల పనితనం అర్థం కాదు. ఒక పౌను నూలులో, అంటే సుమారు 454 గ్రాముల్లో, 840 గజాల చిలపలు 100 ఉండాలి. మొత్తం 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. ఒక్క గ్రాము పత్తిని తెగకుండా, ముడి పడకుండా, ఎక్కడా లావెక్కకుండా సుమారు 169 మీటర్ల దారంగా లాగాలి. కొలిచే యంత్రమేదీ పక్కన ఉండదు. వేలికొసే కొలత. ఆ నూలుతో నేసిన పంచెల చాపు ఎండాకాలంలో కట్టుకుంటే ఒంటి మీద బట్ట ఉన్నట్టే తెలియదు. జాందానీ పనితో నేసిన చీరలైతే మాటలకు అందవు. ఉప్పాడకు, మంగళగిరికి దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. కానీ పత్తి గింజ దగ్గర నుంచి మడత దాకా అంతా చేత్తోనే జరిగే నేత అంటే ముందు పొందూరే.

చరిత్ర చాలా ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం మేలైన నూలుబట్టల ప్రాంతాల్లో పొందూరు ఉన్న కళింగాన్నీ చెప్పింది. పొందూరు బట్టను చూసి ముచ్చటపడిన గాంధీజీ, ఎలా నేస్తారో తెలుసుకు రమ్మని కొడుకు దేవదాసును పంపారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో మొదలైంది. అక్కినేని నాగేశ్వరరావు పంచెకట్టులో పొందూరుకు ఉన్న చోటు తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒకప్పుడు ఆ పంచెకట్టే ప్రచారం. ఇప్పుడు కొనేవాడు ముందు ఫోను తీస్తాడు. అక్కడ పొందూరు ఏ రూపంలో కనిపిస్తోందన్నదే ప్రశ్న. డిజిటల్ మార్కెటింగ్ అనగానే పండగ డిస్కౌంటు పోస్టరు, ఫేస్‌బుక్ పేజీ, నాలుగు ఫొటోలు అనుకుంటారు. ఈ బట్టకు ఆ దారి పనికిరాదు. మిల్లు సరుకైతే ఎంత మంది చూస్తే అంత లాభం, ఆర్డరు పెరిగితే మరో షిఫ్టు నడుపుతారు. పొందూరులో వడికే చేతులు కొన్నే. లక్ష మందికి ప్రకటన చూపించి వందమందికి కూడా ఇవ్వలేకపోతే పేరు పోతుంది. కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఎవరికి చెప్పాలన్నది. షష్టిపూర్తికి పంచెల చాపు వెతికే కొడుకు, పెళ్ళికొడుకు బట్టల కోసం మూడు నెలల ముందే ఆలోచించే అమెరికా కుటుంబం, చేనేత విలువ తెలిసి చీర కోసం ఎదురుచూడగలిగే ఉద్యోగిని - వీళ్ళే మన మనుషులు. వీళ్ళకు కావలసింది తగ్గింపు ధర కాదు, నమ్మకం. ముందుగా డబ్బు కట్టి వరసలో ఉండే పద్ధతి పెడితే సంతోషంగా ఉంటారు. ఏ నెలలో ఎన్ని చాపులు వస్తాయో నిజం చెప్పేస్తే చాలు.

నమ్మకం కలిగించే సరంజామా అంతా ఊళ్ళోనే ఉంది. చేప దవడ మీద పత్తి దువ్వే 30 సెకండ్ల వీడియోకు సినిమా పాట తగిలించక్కర్లేదు. రాట్నం చప్పుడే వినిపించాలి. ఏకడం ఒక వీడియో, వడకడం ఒక వీడియో, మగ్గం మీద అంచు తేలడం మరొకటి. చూసినవాడు వాట్సాప్‌లో అడిగితే అరగంటలో తెలుగులో జవాబు వెళ్ళాలి. గూగుల్‌లో ఈ ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు టైపు చేస్తారు. ఆ రూపాలన్నిటికీ, తెలుగులో వెతికేవాళ్ళకూ మొదట కనిపించేది సంఘం సొంత పేజీ కావాలి. ప్రతి నెలా లెక్క చూసుకోవాలి: ఎంతమంది వచ్చారు, ధర చూసి ఎంతమంది వెళ్ళిపోయారు, ఏ వీడియో చూసినవాళ్ళు ఆర్డరిచ్చారు. లైకులు లెక్కపెట్టుకుని మురిసిపోతే మగ్గానికి ఒరిగేదేమీ లేదు.

ఇక నకిలీల మాట. మిల్లు నూలు పవర్‌లూమ్ మీద నేసి, పొందూరు అని చీటీ అంటించి అమ్మేవాళ్ళను చూస్తే కడుపు మండుతుంది. వాళ్ళకు పత్తి దువ్వే పని లేదు, వడికే పని లేదు. మిగిలిన డబ్బంతా ప్రకటనలకు పోస్తారు. వెతికినవాడి ముందు వాళ్ళే నిలబడతారు. ఒక ఉతుక్కే బిరుసెక్కిన బట్ట చూసి కొన్నవాడు పొందూరును తిట్టుకుంటాడు. ఇది దొంగతనం. వేలికొసలు అరిగిన ఆడమనిషి కూలిని ఆమె కళ్ళముందే లాక్కుపోవడం. చట్టం లేక కాదు. చేత్తో వడికి చేత్తో నేసినదే ఖాదీ అని 1956 నాటి ఖాదీ కమిషన్ చట్టం చెబుతోంది, 2013లో ఖాదీ మార్కు నిబంధనలు వచ్చాయి. 2020లో ఆ కమిషన్ పట్టుబట్టి అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్ నుంచి ఖాదీ పేరుతో అమ్ముతున్న 160కి పైగా లింకులు తీసేయించగలిగింది. వెంటపడితే పని జరుగుతుందని దీంతోనే తెలిసింది. మన సరుకు పేరుతో ఏం అమ్ముతున్నారో వారం వారం చూసి ఫిర్యాదు చేయడానికి ఒక మనిషిని పెట్టుకోవడమూ మార్కెటింగ్ ఖర్చే.

స్కాట్లండ్ పశ్చిమ దీవుల్లో నేసే హారిస్ ట్వీడ్ అనే ఉన్నిబట్ట కోసం బ్రిటన్ పార్లమెంటు 1993లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఆ దీవుల్లో, నేతగాళ్ళ ఇళ్ళలో నేస్తేనే ఆ పేరు, గోళం ముద్ర పడితేనే అమ్మకం. పొందూరు చాపుకూ అలాంటి గుర్తు కావాలి. అంచున క్యూఆర్ కోడ్, అది స్కాన్ చేస్తే వడికిన నెల, నేసిన మగ్గం, నూలు కౌంటు, వడికినందుకు ఇచ్చిన కూలి కనిపించాలి. కూలి అంకె కనిపిస్తే అది తక్కువగా ఉండటం అమ్మేవాళ్ళకే సిగ్గనిపిస్తుంది. కూలి పెరగకపోతే ఆ ఇళ్ళలో ఆడపిల్లలు రాట్నం ముందు ఎందుకు కూర్చుంటారు? వాళ్ళు కూర్చోకపోతే ఈ వ్యూహాలన్నీ దేనికోసం?

 

ఈ పనులు చేయగలవాళ్ళు దూరాన లేరు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, పక్క జిల్లా విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది. వీడియో తీయగల పిల్లలు, పేజీ కట్టగల పిల్లలు, లెక్కలు చదవగల పిల్లలు అక్కడ వందల్లో ఉన్నారు. చదువు అయ్యాక హైదరాబాద్, బెంగళూరు కంపెనీల సరుకుకు ఇదే పని చేస్తారు. వాళ్ళలో ఓ పదిమందిని ప్రాజెక్టు పని మీద ఒక సెమిస్టరు పొందూరుకు పంపమని సంఘం అడగాలి, విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవాలి, జిల్లా యంత్రాంగం వాళ్ళకు వసతి చూడాలి. సంక్రాంతి కొనుగోళ్ళు మార్గశిరంలోనే మొదలవుతాయి, అందుకని ఈ పని దసరా లోపే మొదలుపెట్టాలి.