ఒంటె తెలుసు, బావురుపిల్లి తెలియదు

అక్షరమాల పటాలలో ‘ఉ’కు ఉడుత, ‘ఒ’కు ఒంటె ఉండటం పరిపాటి. ఉడుత సరే, కోనసీమలో కొబ్బరితోటకు వెళితే కనబడుతుంది. ఒంటెను మాత్రం అమలాపురం పిల్లవాడు బొమ్మలోనే చూడాలి. అక్షరం నేర్పడానికి ఆ బొమ్మ చాలును. చిక్కెక్కడంటే, అడవి జంతువుల పాఠం కూడ ఆ పటం దగ్గరే ఆగిపోతున్నది.

గోదావరి డెల్టాలో బావురుపిల్లి ఉన్నది. పెంపుడు పిల్లికి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. బూడిదరంగు ఒంటిపై నల్లమచ్చలు, వ్రేళ్ళ నడుమ కొద్దిపాటి చర్మపుపొర. నీటిలో దిగి చేపను పట్టుతుంది. గౌతమికి ఉత్తరాన, 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యపు మడ అడవులు దీని నెలవు. ఎరుగనివారు దీనిని చిరుతపులి కూన అనుకోవచ్చు. భయం పుట్టిన చోట కర్ర లేస్తుంది.

పిల్లలను ఆరుబయటికి తీసికొనిపోవడం మేలే. కాని జంతువు కంటబడితేనే పాఠమైనట్లు భావించే విహారయాత్రలపై నాకు నమ్మకం తక్కువ. ఎక్కువగా రాత్రివేళ తిరిగే ఈ పిల్లి ముప్పయిమంది పిల్లల సందడికి బయటపడుతుందా? మడ అడవులకు చేరువ ఊళ్ళలో, తెల్లవారిన తరువాత, గట్టుపై తడిమట్టిలో అడుగుజాడలు వెదకనివ్వండి (నీటికి ఎడంగా, పెద్దల తోడుతో సుమా!). కుక్కజాడలో గోళ్ళ గుర్తులుంటాయి. పిల్లిజాడలో సాధారణంగా ఉండవు. బావురుపిల్లి గోళ్ళు పూర్తిగా లోనికి ముడుచుకోవు గనుక దాని జాడలో అవి పడవచ్చు. ఇది కుక్కదా, పిల్లిదా అని పిల్లలు వాదులాడుకుంటే ఉపాధ్యాయుడు వెంటనే తీర్పు చెప్పకూడదు. జాడను కొలిపించి, కాగితంపై గీయించి, మరునాడు మళ్ళీ అక్కడికే తీసికొనిపోవాలి.